మాసిక

పగలంతా పళ్ళు చేస్త.
నక్కలగుట్ట సందుల, రెండో అంతస్తుల డెంటల్ ల్యాబు.
తెలుపు ఒక్కటే అనుకుంటరు అందరు;
మా పెట్టెల పదహారు తెలుపులుంటయి:
చుట్ట తాగేటోని తెలుపు,
పాను నమిలేటామె తెలుపు,
ఎవ్వరికీ నప్పని సినిమా తెలుపు.

రాత్రి పది దాటినంక అదే కుంచె కడిగి
సిపాయిలను చేస్త.

వేలి రెండు కణుపులంత మనిషి.
ముక్కు మూతి తెలిసీ తెలియని సీసపు బొమ్మ.
అచ్చుల మిగిలిన అంచులు ఆకురాయితో గీకి
సబ్బునీళ్ళ తానం పోసి
దగ్గుమందు మూతల మీద బంకతో నిలబెడత.
ఇరవై నలుగురు. నెపోలియన్ కాల్బలం.
ఏ దేశపు బురదల నడిచిండ్రో,
ఇప్పుడు మా వంటింటి ట్యూబులైటు కింద
చాయ గిన్నె పక్కన వరుస కట్టిండ్రు.

ముందు అందరికీ నలుపు.
ఆ నలుపులకెల్లి ఒక్కొక్కణ్ణి పైకి తియ్యాలె.
ఛాతి మీద రెండు పట్టీలు దాటుకునే కాడ
నా కొలువు పనికొస్తది:
మొదలు బూడిద, దాని మీద ఎముక,
అంచున మాత్రమే పాలు.
గుండీకి సూదిమొన.
గుండీ పెట్టేటప్పుడు ఊపిరి తియ్యొద్దు.
ముఖాలకు కొన్న సీసా మీద మనిషి రంగని ఉంది,
ఏ మనిషిదో రాయలేదు.
ఎండల నడిచినోళ్ళు గదా అని
ఇంత ఇటుకపొడి రంగు కలిపిన.

ఆజంజాహి మిల్లుల, రంగుల ఖాతాల
గేటు మూసేదాక చేసిన మా పెద్దబాపు లింగమూర్తి
నిద్రపట్టక మంచినీళ్ళకు లేచి
నా భుజం మీంచి తొంగి చూసిండు.
"గిది తాన్ల కెల్లి ఇప్పుడే దించిన నీలం.
ఏడాది ఎండ తాకితే నీలం భుజాల మీద చస్తది,
సంకల కింద బతుకుతది."
నేను భుజాలకు బూడిద కలిపిన.

తెల్లారి రాత్రి మళ్ళ వచ్చిండు.
"తెల్ల లాగులేందిర?
బురదల నడిచేటోళ్ళకు తెల్లవి తొడిగినోడు
ఎన్నడన్న బట్టలుతికిండా?"
కొంచెం ఆగి,
"జీతాలు టైముకు ఇచ్చేటోళ్ళా?"
తెల్వదన్న.
ఆయనకు రావల్సినవి ఇంకా రాలేదు,
ఆ ముచ్చట ఇంట్ల ఎవ్వరం ఎత్తం.

మూడోనాడు నా కండ్లద్దం పెట్టుకొని
కుంచె గుంజుకున్నడు.
చెయ్యి వణుకుతది;
కుంచె తాకే గడియల మాత్రం వణకదు.
రెండో వరుసల మూడోవాని మోకాలి మీద
గోధుమ రంగు మాసిక, నువ్వుగింజంత.
"ఇంత దూరం నడిచినంక
చినగని లాగు ఉంటదా?"
నేను దాని మీద తెలుపు వెయ్యలేదు.

ఐతారం కాజీపేట, రైల్వే క్వార్టరు.
సిగ్నల్ ఖాతా ఫసియుద్దీన్ ఇంట్ల
అన్నం బల్ల మీద పచ్చ దుప్పటి,
దాని కింద పాత టైంటేబుళ్ళు గుట్టలు.
పాచికలు దొర్లినయి.
నాలుగు నెలలు ఊపిరి బిగబట్టి చేసినోళ్ళను
ఇరవై నిమిషాలల్ల ఏరి
దూది డబ్బాల పండబెట్టిన.

"వాణ్ణెందుకు ఎన్కకు ఎన్కకు దాస్తున్నవ్?"
ఫసి చూడనే చూసిండు.
సిగ్గై, మాసికవాణ్ణి ముందుకు జరిపిన.
అప్పుడే రామగుండం బొగ్గు బండి.
గోడలు, గ్లాసులు, బల్ల, రెండు సైన్యాలు వణికినయి.
వాడు బోర్లపడ్డడు.
"రైలుకు పడ్డోడు గిన్తీలకు రాడు,"
అది మా మొదటి ఒప్పందం.
రెండు వేళ్ళతో మెల్లగ
శత్రువే లేపి నిలబెట్టిండు.

రాత్రి ఇల్లు చేరేసరికి
పెద్దబాపు మంచం మీద కూసోనే ఉన్నడు.
ఎవరు గెలిచిండ్రని అడగలేదు.
"మనోడు?"
నిలబడ్డడన్న.
"మాసిక లేచిందా?"
లేదన్న.
డబ్బా మూత తీసి, వాణ్ణి బల్బుకు పట్టి
ఇటు తిప్పి అటు తిప్పి చూసి
రెండో మోకాలు గూడ చినుగుతది గదా అని
కండ్లద్దం కోసం చెయ్యి చాపిండు.